పద్నాలుగో డబ్బా

డనీడిన్‌లో వీధులు నిలబడి ఉంటాయి,
గోడకు ఆనించిన నిచ్చెనల్లా
కొండకు ఆని.
ఇక్కడ జూలై అంటే చలికాలం.
గడ్డకట్టిన మెట్ల మీద
తెల్లారేసరికి ఎవరో బూడిద చల్లి పోతారు,
ఎవరో ఇప్పటికీ తెలీదు.

కారు హెడ్లీది. నడపడం అతని వంతు,
మెట్లెక్కడం నాది.
అతనికి ఎనభై రెండు.
మేం భోజనం తీసుకెళ్లే వాళ్లలో ఆరుగురు
అతనికంటే చిన్నవాళ్లే.
ఆ మాటంటే
గేరు విరిగేలా మారుస్తాడు.

ఆసుపత్రి వంటింటి వెనక తలుపు దగ్గర
పదకొండున్నరకి పద్నాలుగు డబ్బాలు.
మూతల మీద పెన్సిల్ రాతలు:
మెత్తగా. చక్కెర వద్దు. పాలు పడవు.
మనిషి మొత్తం రెండు మాటల్లో.
నా ఒళ్లో సంచీ
అప్పుడే పుట్టిన గొర్రెపిల్లంత వెచ్చగా.

గుమ్మానికి రెండు నిమిషాలని లెక్క.
తప్పుతూనే ఉంటుంది.
ఒకచోట బల్బు పోతుంది,
ఒకచోట మందు సీసా మూత తిరగదు.
మిసెస్ ఫార్కర్‌సన్‌కి చూపు లేదు.
నేను గడప దాటకముందే
"నీ ఎడమ బూటు అరిగింది" అంటుంది.
కారులోకొచ్చి చూసుకుంటే నిజమే.

టూలక్‌ది చక్రాల కుర్చీ.
పోర్ట్ చామర్స్‌ రేవులో ముప్పై ఏళ్లు
ఆకాశంలో కూర్చుని
ఓడల్లోకి దుంగలు దింపిన క్రేన్ మనిషి.
ఇప్పుడు పై అరలో కప్పు అందదు.
రోజూ మూత తీయకముందే అంటాడు:
"బాగుంది."

అందరూ అంటారు.
బాగుంది, చాలా బాగుంది,
తలుపు మూసే చప్పుడులో కలిపి.

ఆ గురువారం
కొండ మీది చివరి ఇంట్లో మిస్ ఇంగ్లిస్
కిటికీ తెర తీయలేదు.
పక్కింటి కుర్రాడు సెమిసీ బయటికొచ్చి
చేతులు చంకల్లో దూర్చుకుని చెప్పాడు:
"రాత్రి అంబులెన్సు వచ్చింది.
వచ్చేటప్పుడు లైట్లు తిరిగాయి.
వెళ్లేటప్పుడు తిరగలేదు."

మిగిలిన డబ్బా వెనక్కి ఇచ్చెయ్యాలని నియమం.
హెడ్లీ కొండ కొసన కారు ఆపాడు.
కింద రేవు, పొగమంచులో సగం.
వేడి కోసం ఇంజన్ ఆపలేదు.
"ఇలా ఇవ్వు" అని
మూత తీశాడు.
తొమ్మిదేళ్లుగా మోస్తున్నాడు,
ఒక్కసారీ రుచి చూడలేదు.

కీమా, బంగాళదుంప ముద్ద, బఠాణీలు.
చెంచా ఒకటే.
ముందు అతను, తర్వాత నేను.
నమిలాం.
బానెట్ మీద వాలిన సముద్రపక్షి ఒకటి
మమ్మల్ని తప్పుపట్టినట్టు చూసింది.

చాలాసేపటికి,
"ఉప్పు లేదు" అన్నాడు.
"లేదు."
"ఉప్పే కాదు. అసలేమీ లేదు."

తొమ్మిదేళ్లు చెప్పిందామె మాకు, బాగుందని.
మా తడిసిన బూట్లు చూసి,
అరవై మెట్లెక్కిన నా రొప్పు విని
ఆమె ఎదురు వడ్డించిన ముద్ద అది.
మేం డబ్బా ఇచ్చి, మాట అందుకుని,
చెయ్యి కడుక్కున్నట్టు
వచ్చేసేవాళ్లం.

ఒక్క బఠాణీ వదల్లేదు.
హెడ్లీ చెంచాని కోటుకి తుడిచి
జేబులో పెట్టుకున్నాడు.
గేరు మార్చాడు,
ఈసారి మెల్లగా.

శుక్రవారం పదమూడే.
టూలక్ ఒళ్లో డబ్బా పెట్టాను.
మూత మీద చెయ్యి వేసి "బాగుంది" అన్నాడు.
"అబద్ధం" అన్నాను. "నిన్న మేమూ తిన్నాం."

అతని మొహం
దుంగతో సహా గాల్లో ఆగిన క్రేన్ అయింది.
తర్వాత నవ్వాడు,
కుర్చీ చక్రాలు కదిలేంత, దగ్గు తెర తెరలుగా వచ్చేంత.
"తొమ్మిదేళ్లు పట్టిందా మీకు!"

కింద హెడ్లీ హారన్ కొట్టాడు, రెండుసార్లు.
నాలుగు నిమిషాలు దాటింది.

"ఆ పై అరలో," అన్నాడు టూలక్ కళ్లు తుడుచుకుంటూ,
"కప్పుల వెనక ఆవముద్ద సీసా ఒకటుండాలి."

ఉంది. ఎన్నేళ్లదో.
మూత తిరగలేదు.
అతను సీసా పట్టుకున్నాడు, నేను మూత పట్టుకున్నాను,
చెరోవైపు తిప్పాం.