లోపలి గది, కిటికీ లేదు

హిమాయత్‌నగర్‌లో
కళ్ళద్దాల దుకాణం పైన రెండో అంతస్తు.
ఫ్యాను ఇటు తిరిగినప్పుడల్లా
టేబుల్ మీది నార్వే లేచి ఎగరబోతోంది.
ఖుర్షీద్ గారు దాని మీద పేపర్‌వెయిట్ పెట్టారు.
ఒక జలపాతం ఆగింది.

బయట నలభై మూడు డిగ్రీలు.
లోపల మేం అయిదుగురం, కుర్చీలు మూడు.
ఎత్తిన చిట్టీ, పీఎఫ్‌లోంచి కొంత,
అత్తమ్మ బియ్యం డబ్బా అడుగున దాచి
ఎవరికీ చెప్పని ఇంకొంత.
అన్నీ కలిపి కరెంటు బిల్లు వెనకాల ఒక అంకె,
దాని కింద రెండు గీతలు.

ఓడ చవకే, ఓడ దాకా పోవడమే ఖరీదు.
విమానం, వీసా, రేవు పన్ను,
రోజూ పక్క సర్దే పిల్లాడికి బక్షీసు,
స్వెట్టర్లు (కోఠిలో బేరమాడొచ్చు).
"జూలైలో అక్కడ సూర్యుడు దిగడు మేడమ్,
రేటూ దిగదు.
వచ్చే మే మొదటి వారం తీసుకోండి,
కొండల మీద మంచు కూడా అట్లనే ఉంటుంది."

బాల్కనీ గది ధర విని
రవళి తన కిడ్డీ బ్యాంకు సంగతి మెల్లగా మరిచిపోయింది.
కిటికీ గది కూడా గీతలు దాటిపోయింది.
మిగిలింది ఓడ కడుపులో, అన్నిటికన్నా కింద,
నలుగురు పట్టే గది.
కిటికీ ఉండాల్సిన చోట సముద్రం బొమ్మ.

నేను మామయ్య వైపు చూడలేదు.

ముషీరాబాద్ ఐసు ఫ్యాక్టరీలో
ఉప్పునీళ్ళ తొట్టిలోంచి
కొక్కెం వేసి దిమ్మలు లాగిన మనిషి.
పెళ్ళిళ్ళకి, రామ్‌నగర్ చేపలకి,
దూరపు కొడుకు వచ్చేదాకా ఆగాల్సిన శవాలకి.
ఆయన వేళ్ళకి ఇప్పటికీ చాయ్ గ్లాసు వేడి
కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది.
మంచంటే ఆయనకు
అమ్మోనియా వాసన, మీద రంపంపొట్టు,
కరెంటు పోయిందంటే మేనేజరు తిట్లు.

బొమ్మలో నీలంగా మెరుస్తున్న మంచునది మీద వేలు పెట్టి
"దీని మోటరు యాడున్నది?" అన్నాడు.
లేదన్నారు ఖుర్షీద్ గారు.
"మరి రాత్రి డ్యూటీ ఎవరిది?"
ఎవరిదీ కాదట.
చాలాసేపు దాన్నే చూశాడు,
లెక్క ఎక్కడో తప్పిందని అనుమానపడే గుమాస్తాలా.
ఆ తర్వాత నాతో
"కిటికీ ఎందుకు బిడ్డా,
ముప్పై ఒక్క ఏండ్లు ఐసు గదిలనే ఉన్న,
దానికున్నదా కిటికీ?
పైకెక్కి చూస్త."

నలుగురు పట్టే గది.
అయిదో మనిషికి మళ్ళీ ఇంకో గది, ఇంకో అంకె.
"నాకు సముద్రం పడదు" అన్నాడు మా ఆయన,
ఇంతవరకూ సముద్రం చూడని మనిషి.
ఖుర్షీద్ గారు పెన్ను మూత తీసి,
పెట్టి, మళ్ళీ తీశారు.

సంతకాలయ్యాక అత్తమ్మ అడిగింది,
పొద్దున్నుంచీ మింగుతున్న ప్రశ్న:
"ఓడ ఉత్తరానికే పోతుంటది కదా,
మరి తల ఎటు పెట్టి పండుకోవాలె?"
ఆయన నవ్వలేదు.
ఓడ వాళ్ళని కనుక్కుని చెప్తానని
డైరీలో రాసుకున్నారు.

రాత్రి కరెంటు పోయింది.
మేడ మీద చాపలు పరిచాం.
రవళి ఫోను వెలుగులో నార్వేలో వాన పడుతోంది.
మామయ్య అప్పుడే నిద్రపోయాడు,
మోటరు ఆగిందని ఉలిక్కిపడకుండా.
అత్తమ్మ దిక్కులు చూసి, చెయ్యి ఊపి,
అందరి తలలూ దక్షిణానికి తిప్పించింది.

అయిదు జతల పాదాలు
ఉత్తరం వైపు చాపుకుని పడుకున్నాం.
నాకు ఎంతకీ నిద్ర పట్టలేదు.
ఏ రెండింటికో చూస్తే
అంత ఉక్కలోనూ మా ఆయన
కాళ్ళు ముడుచుకుని ఉన్నాడు.