ఉంగరపు వేలు

లవీనియా ట్రాస్క్ ఎడమచేతి ఉంగరపు వేలు వంగేది కాదు.
పడూకా రేవులో, పన్నెండేళ్లప్పుడు,
లాండ్రీ ఇస్త్రీ రోలరు కింద పడిందట.
అందుకే ఆమె రాగ్‌టైమ్‌లో
నాలుగో దెబ్బ దగ్గర ఒక చిన్న గొయ్యి.
మేమంతా అందులో కాలు జారి, లేచి,
నవ్వుకుంటూ వాయించేవాళ్లం.

నేను ట్రాంబోన్. పేరెందుకులెండి.
ఆ స్టీమరు మీద ఏడుగురం మగాళ్లం, జీతమిచ్చేది ఆమె.
శనివారం రాత్రి, బిస్కెట్ల డబ్బాలోంచి, నాణెం నాణెం లెక్కపెట్టి.
తాగొచ్చినవాడికి ఒకటి తక్కువ.
నది తడికి పియానో మెట్లు ఉబ్బి దిగబడిపోతే
తలపిన్నుతో పైకి లేపేది,
పాట ఆపకుండానే.

కుడిచెయ్యి కబుర్లపోగు. ఎడమచెయ్యి రోకటిపోటు.
వారమంతా తెల్లవాళ్ల డాన్సులు,
సోమవారం ఒక్కటే మావాళ్లకి.
సోమవారం ఆమె టోపీ తీసి పియానో మీద పెట్టేది.
ఆ రాత్రి గొయ్యి ఇంకొంచెం లోతు.

తర్వాత షికాగో.
ఒక కంపెనీవాడు ఆమె చేతుల్ని
కాగితం చుట్టల్లోకి పట్టాడు, చిల్లులు చిల్లులుగా, ఆరు పాటలు.
పాటకి ఐదు డాలర్లు. అట్టపెట్టె మీద పేరు వాడి బావమరిదిది.
"తప్పులన్నీ దిద్దించాం" అన్నాడు, ఎంతో మర్యాదగా,
స్వరం లేనిచోటల్లా ఒక చిల్లు పొడిపించి.
ఆమె డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
మెట్లు దిగాక మా డ్రమ్మరుకి బూట్లు కొంది.

మాటలొచ్చిన సినిమాలొచ్చాయి. బాండు చెదిరింది.
స్టీమరు తుక్కుకింద పోయింది.
ఆమె పోయిన కబురు నాకు
రైలు బోగీలో పక్కలు సర్దుతుండగా తెలిసింది,
మూడు నెలలు ఆలస్యంగా.

మొన్న, పాత సామాన్ల కొట్లో,
ఒక కుర్రాడు కాళ్లతో తొక్కుతుంటే
మనిషి లేని పియానో మోగుతోంది.
మెట్లు వాటంతటవే పడుతున్నాయి, లేస్తున్నాయి.
నున్నగా ఉంది. గుర్తుపట్టలేదు.
ఇటు తిరిగి వెళ్లిపోబోతున్నాను.

మూడో వరస చివర
చిల్లులు పొడిచేవాడికి కునుకు పట్టిందో ఏమో,
ఒకటి వదిలేశాడు.

నా కాలు జారింది.
నవ్వడానికి పక్కకి చూశాను. కుర్రాడు తొక్కుతూనే ఉన్నాడు.

పియానో ధరేదో చెప్పాడు, వినలేదు.
చుట్ట పదిహేను సెంట్లు.
కోటు లోపల పెట్టుకుని వచ్చేశాను,
వాయించడానికి ఇంట్లో ఏమీ లేకపోయినా.