నాడె లెక్క

జంపఖానాల మూటకు సుతిలి బిగించుకుంట
ఇంతియాజ్ ఫోన్ చూసి చెప్పిండు:
"ఫ్రాంక్‌ఫర్ట్. ఏడువేల కిలోమీటర్లు.
శంషాబాద్‌ల ఎక్కితే తొమ్మిది గంటలు, చిన్నమ్మా."
మూట ఎక్కుతది, మేం ఎక్కం.
ఆ మాట వాడనలే, నేనే అనుకున్న.

కొత్తవాడల మా గుంటమగ్గం కాడ
గుంతల కాళ్లేసి కూసున్న మనిషి,
ఆడెపు రాజలింగం, తల ఎత్తలే.
"గంటకెంత పోతది?" అన్నడు.
"ఎనిమిది వందలకు జర తక్కువ."
"మరి మా నాడె?"
పోరడు నవ్విండు.
దానికి ఫోన్‌ల జవాబు లేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
తిన్న గిన్నెలు కడిగి
కందిలి ముందట లెక్కకు కూసున్న.
ఐదు దాకనే చదివిన, ఎక్కాలు మర్చిపోలే.
నాలుగడుగుల పన్నా.
ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు నాడె ఒకపారి పోతే
నాలుగడుగులు.
అంగుళానికి పదిహేను పోగులు,
ఆరడుగుల పొడుగు.
ఒక్క జంపఖానా తెగేసరికి
కిలోమీటరుంబావు దాటుతది.
రోజుకు రెండు.
బోనాలు, జ్వరాలు, నూలు రాని నెలలు,
అత్తమ్మ పోయిన పదకొండు దినాలు
అన్నీ తీసేస్తే
ఏడాదికి ఏడు వందలు.

పదేండ్లు.
మూట తొమ్మిది గంటలల్ల దాటే దూరం
మా నాడెకు పదేండ్లు.

సుద్దముక్క అరిగేదాక గోడ మీద రాసిన.
ఆయన మగ్గమెక్కి ముప్పై ఎనిమిదేండ్లు.
మొదటి పదేండ్లకు ఫ్రాంక్‌ఫర్ట్ చేరిండన్నట్టు,
ఆ ఏడే ఇంటి మీద రేకులు ఏయించినం.
ఇరవైకి తిరిగొచ్చిండు.
ముప్పైకి మళ్ల పోయిండు.
ఇప్పుడు వాపసు తొవ్వల ఉన్నడు,
ఇంకా పద్నాలుగు వందల కిలోమీటర్లు.
కింద ఏమున్నదో.
ఎడారో, సముద్రమో.

మొన్ననే ఎంజీఎంల డాక్టరు
మోకాళ్లు ఒత్తి చూసి
"గుంతల దిగుడు బంద్ చెయ్" అన్నడు.
నడి ఆకాశంల ఉన్నోన్ని దిగమంటే
ఏడ దిగుతడు సారూ?
అడగలే. మాత్రల చీటీ తీసుకొని వచ్చిన.
మామునూరుల విమానం దిగుతదని
నా పెండ్లప్పటి సంది చెప్తనే ఉన్నరు.
ఒకపారి బస్సుల పోతుంటే చూసిన,
ఆ గడ్డిల గొర్లు మేస్తున్నయ్.

ఒక్క లెక్క గోడ మీద రాయలే.
నాడె ఉత్తగ పోదు,
దాని కడుపుల కండె ఉండాలె.
కండె నేను చుడుత.
ఆయన పోయిన ప్రతి గజం
ముందుగల్ల నా వేళ్ల సందు నుంచి పోయిందే.
ఇగో, ఈ బొటనవేలికి గీత పడ్డది.
నేనూ పోయొచ్చిన ఫ్రాంక్‌ఫర్ట్,
కిటికీ పక్క సీటు దొరకలే గని.

పొద్దుగాల గోడ ముందట నిలబడి
చానాసేపు చూసిండు.
పెదవులు కదిలినయ్. కూడుకుంటుండో,
తీసేసుకుంటుండో.
ఏమనలే.
మోకాళ్లకు తువ్వాల చుట్టుకొని
గోడ పట్టుకొని గుంతలకు దిగిండు.

"ఏడిదాక వచ్చినవ్?" అన్న,
రాట్నం తిప్పుకుంట.

అంచు మీద అరచెయ్యి పెట్టి తడిమిండు.
"నీళ్ల మీద ఉన్న.
తెల్లది తీసి నీలం కండె ఇయ్యి."

ఆ కండె జర లావుగనే చుట్టిన.