అర కిలో

కెరిచో కొండల మీద పొద్దున ఆరింటికే
తేయాకు కొనే షెడ్డు ముందు గంపలు బారులు తీరతాయి.
కొక్కేనికి తగిలించడం,
ముల్లు ఆగేదాకా చూడడం,
ఆగిన అంకె పుస్తకంలో ఎక్కించడం నా పని.

ఆగిన అంకె అన్నానా?
పదకొండేళ్ళు
దానికి అర కిలో తక్కువే రాశాను.

తేమ తరుగు అని దానికో పేరుంది.
మంచు కురిసినా తేమే,
జనవరి ఎండకి నేల నెర్రెలిచ్చినా తేమే.
ఫ్యాక్టరీ చేరేసరికి ఆకు తగ్గితే నీ జీతంలో కోస్తారని
నా ముందువాడు చెప్పాడు,
వాడికి వాడి ముందువాడు.
ఆ భయం పోను మిగిలిన అర కిలోలన్నీ
నా భార్య పేరున జమయ్యేవి.
మా తోట చారెడు,
మా ఆకు బారెడు.

ఆదివారం పాట ఎత్తేది కూడా నేనే.
మహిమ అనే మాట దగ్గర
గొంతు ఎంత పైకి తీసేవాణ్ణంటే
బయట కట్టేసిన గాడిద చెవులు రిక్కించేది.
నువ్వు పాడుతుంటే దేవుడు కిటికీ తెరుచుకుని వింటాడు కిప్సిగే,
అంది పాస్టరుగారి భార్య ఒకసారి.
నమ్మాను.

నన్ను కదిలించింది ప్రసంగం కాదు, నడుంనొప్పి.
అది కూడా నాది కాదు, నా భార్యది.
ఆమె మంచాన పడ్డ వారం
నేనే గంప వీపుకి కట్టుకుని తోటలోకి దిగాను.
రెండాకులు, ఒక మొగ్గ.
రెండాకులు, ఒక మొగ్గ.
గోళ్ళ సందుల్లో నల్లటి పసరు,
మడమల దగ్గర జలగ,
చొక్కా లోపలికి జారే చల్లటి నీళ్ళు.
ఊరికే, సరదాకి, లెక్కపెట్టాను.
ఐదువందల నలభై సార్లు చెయ్యి చాపితే
అర కిలో.

ఆ సోమవారం
తప్రాండిచ్ అవ్వ గంప తగిలించాను.
ముల్లు పదకొండున్నర దగ్గర ఆగింది.
పదకొండున్నర అని రాశాను.
చీటీ చింపి ఇస్తుంటే చెయ్యి వణికింది,
ఏదో దొంగతనం చేస్తున్నట్టు.

ఆమె చీటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది,
దూరంగా పెట్టుకుంది.
నీ కాటా పాడైనట్టుంది నాయనా, అంది.
లేదవ్వా, బాగానే ఉంది.
మరి పదకొండు కదా రావాలి?
ఇంటి దగ్గర పదకొండున్నర తూగితే
ఇక్కడ పదకొండు కదా.

ఇంటి దగ్గర తూస్తావా?

మా కోడలి కొట్లో.
అందరం తూచుకునే వస్తాం,
అంది ఆమె, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

వెనక బారులో నిలబడ్డవాళ్ళు
ఒక్కరూ నా ముఖం చూడలేదు.
నేను చూశాను వాళ్ళవి.
రెండో వరస బల్ల.
మూడో వరస బల్ల.
చప్పట్లు కొట్టే చెబెట్,
నా పాటకి వంత కలిపే కిబోస్.
పదకొండేళ్ళు నేను మహిమ అంటుంటే
ఆ అర కిలో ఎంతో తెలిసీ
వాళ్ళూ మహిమ అన్నారు.

ఏ కిటికీలోంచి విన్నాడో మరి.

తర్వాత గొప్పగా ఏమీ జరగలేదు.
జూలైలో నిజంగానే తేమ తగిలింది,
నిజంగానే జీతం కోశారు.
మేకని అమ్మాం.
నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు,
మూడో రోజు టీ ఇచ్చింది, చక్కెర తగ్గించి.
పాత పుస్తకాలు దింపి బాకీ లెక్క కడుతున్నాను,
ఇంకా నాలుగో ఏడు దాటలేదు.
కొందరు తీసుకుంటారు, కొందరు నవ్వుతారు.
కిబోస్ తండ్రి పోయాడు,
ఆయన ముప్పై ఏడు కిలోలు ఎవరి చేతిలో పెట్టాలో తెలియలేదు.

ఆదివారం ఇప్పటికీ పాడతాను,
వెనక బల్ల మీద కూర్చుని.
జలుబు చేసిందా అని అడుగుతున్నారు.

ఇవాళ గాలి ఎక్కువగా ఉంది.
చామ్‌గే, తప్రాండిచ్ అవ్వా.
గంప ఊగుతోంది, ముల్లు నిలవడం లేదు.
కొంచెం ఆగు.
ఇద్దరం చూద్దాం.