కొలతల పుస్తకం

జీలాంగ్‌లో, పాకింగ్టన్ వీధి చివర,
లాండ్రీకీ చేపల కొట్టుకీ మధ్య నా షాపు.
ఒక మిషను, ఒక నిలువుటద్దం, ఒక పరదా.
పరదా వెనక్కి ఎవరొచ్చినా ముందు అడుగుతాను:
"చేతులు కాస్త ఎత్తుతారా?"
ఎత్తాకే టేపు తీస్తాను.

పదకొండేళ్ళ కొలతలు నీలం అట్ట పుస్తకంలో ఉన్నాయి.
ఎవరి నడుము ఏ చలికాలంలో పెరిగిందో
ఎవరి భుజం ఏ చావు తర్వాత ఒరిగిందో
మా ఆయనక్కూడా చెప్పలేదు.
దర్జీ నోరు విప్పితే ఊరికి గుట్టుండదు.

మాల్‌లో పెద్ద కంపెనీ కుట్టుపని మొదలెట్టిన ఏడు
నాకు రోజుకొక్క జిప్పు.
చేపల కొట్టు స్పైరో అన్నాడు, "ఫోన్లో ప్రకటన వెయ్యి,
రోజుకి ఐదు డాలర్లు, నా రొయ్యల కంటే చవక."
ఉన్నమాట చెప్పాలి.
ఆ ఐదు డాలర్లే నా అద్దె కట్టాయి.

"ఎవరికి చూపించాలి?" అంది తెర.
వయసు పెట్టాను. ఐదు కిలోమీటర్లు పెట్టాను.
కిందనుంచి ఇంకో గడి తనంతట తనే ముందుకొచ్చింది:
ఒంటి గురించి ఈమధ్య ఎక్కువగా వెతుకుతున్నవాళ్ళు.
టీ చల్లారేదాకా దానికేసి చూశాను.
టిక్కు పెట్టాను.

గురువారం కెరిన్ వచ్చింది.
పరదా వెనక కోటు విప్పకుండా చాలాసేపు నిలబడి,
"ఆపరేషనయ్యాక ఎడమవైపు ఏ చొక్కా నిలవడం లేదు.
మా అక్కక్కూడా ఇంకా చెప్పలేదు.
రాత్రి మూడింటికి నీ షాపు కనబడింది.
నీకెవరు చెప్పారు?"

నా నోటినిండా గుండుసూదులు.

కుట్టాను. లోపల మెత్తటి గుడ్డ వేసి
డార్టు అరంగుళం జరిపి.
అద్దంలో చూసుకుని ఏడ్చింది, సంతోషంతోనే.
ఇలా కుట్టే మనిషి నాలుగు వీధుల అవతలే ఉందని
ఆ తెర చూపించకపోతే తెలిసేదే కాదంది.
ఇది కూడా లెక్కలో వెయ్యాలి.

లాండ్రీ మెర్విన్‌నీ వెయ్యాలి మరి.
గుర్రప్పందాలు మానేసి ఎనభై ఒక్క రోజులు,
క్యాలెండరు మీద రోజుకో సున్నా చుట్టుకుంటాడు.
జీతం పడ్డ సాయంత్రం
వాన పడుతుందేమో చూద్దామని ఫోను తెరిస్తే
"మీరు లేక వెలితిగా ఉంది. ఇదుగో యాభై డాలర్లు, మా తరఫున."
ఫోను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.
"రేపటిదాకా నీ దగ్గరుంచు."
బొత్తాల డబ్బాలో వేసి మూత పెట్టాను.
షాపు మూసేదాకా ఆ డబ్బా
గలగలమంటూనే ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు మనవాళ్ళు.
ఇదేమో ఆకలి పుట్టకముందే విస్తరి పరుస్తుంది,
వద్దని చెయ్యి అడ్డం పెడితే
వేళ్ళ మీదే వడ్డిస్తుంది.

మా అమ్మాయికి స్కూల్లో దీనిమీదే చర్చట.
మంచా, చెడా, మూడు నిమిషాల్లో తేల్చాలి.
పంటితో దారం తెంపుతూ అన్నాను,
"కొలిచేముందు అడిగారా లేదా, అది కనుక్కో."
"అది టాపిక్ కాదమ్మా" అంది
చెవుల్లో ఏదో పెట్టుకుంటూ.

ఆ రాత్రి గడిలో టిక్కు తీసేశాను.
తీసి పడుకున్నాక గుర్తొచ్చింది,
కెరిన్ లాంటి మనిషి ఇంకొకరు
మూడింటికి మేలుకునే ఉంటారని.

పొద్దున్నే షాపు అద్దానికి కాగితం అంటించాను,
నా చేతిరాతతో, పెద్దక్షరాల్లో:
ఆపరేషన్ల తర్వాత బట్టలు సరిచేస్తాం.
లోపలికి రండి. నేనేమీ అడగను.

మూడు రోజులైంది.
ఇప్పటిదాకా ఆగి చదివింది
స్పైరో కొట్టు ముందు తిరిగే ఒంటికాలి సీగల్ ఒక్కటే.