పద్దెనిమిది గ్రాములు

మా తాత సార్సెన్‌బాయ్ చేపల్ని ఎన్నడూ లెక్కపెట్టలేదు.
తూచేవాడు.
అరాల్స్క్ రేవులో, ఇనప కాటా మీదికి పెట్టె ఎత్తి
ముల్లు నిలబడేలోగా చెప్పేసేవాడు:
"నూటపది. అందులో ఒకటి పిల్ల."
ఫ్యాక్టరీ గుమాస్తా ఒక్కొక్కటే తీసి ఎంచి, ఎంచి,
చివరికి టోపీ సర్దుకునేవాడు.

ఆ కాటా ఇప్పుడు నా కెమిస్ట్రీ గదిలో, బీరువా పక్కన.
రేవు ఉంది. క్రేన్లు ఇసక మీదికి మెడలు వంచే ఉన్నాయి.

తొమ్మిదో తరగతి. ఇరవైముగ్గురు.
మోల్ అనగానే ముడుచుకు కూర్చున్నారు.
"డజను అంటే లేని భయం దీనికెందుకురా?"
"డజను గుడ్లు కనపడతాయి టీచర్," అన్నాడు బెక్‌జాత్.
నిజమే.
కంటికి ఆననిదాన్ని వేళ్ళ మీద ఎంచలేం.
అందుకే తాత దారి పట్టాం.

హైడ్రోజన్లు రెండు, ఒక్కోటి ఒకటి.
ఆక్సిజన్ ఒక్కటే, అది పదహారు.
పద్దెనిమిది గ్రాముల నీళ్ళు పోయండి గ్లాసులో.
అడుగు కూడా సరిగా తడవదు. ఒక్క గుటక.
ఆ గుటకలో అణువులు
ఆరువందల రెండు కోట్ల కోట్ల కోట్లు.
అణువుకి మూడేసి పరమాణువులు, మీరే హెచ్చవేసుకోండి.

బోర్డు మీద సున్నాలు రాసీ రాసీ సుద్ద అరిగింది.
అరిగింది ఒక గ్రామనుకోండి, సున్నపురాయి సుద్దే అనుకోండి,
ఆ సంఖ్య రాయడానికే ఆరు కోట్ల కోట్ల కోట్లు
ఖర్చయ్యాయి. పిల్లలు నవ్వారు.
నా చీర... కాదు, నా నల్ల కోటు నిండా అవే.

వెనక బెంచీలో ఉల్బోసిన్ నవ్వలేదు.
(తర్వాతిది కొడుకు కావాలని పెట్టే పేరు అది.
నలుగురు అక్కల తర్వాత పుట్టింది.)
"మీ తాత నాటి సముద్రంలో ఎన్ని ఉండేవి టీచర్?"

పాత భూగోళం పుస్తకం ఇచ్చాను.
ఘన కిలోమీటర్లను గ్రాములు చేసింది,
పద్దెనిమిదితో భాగించింది,
అన్నం గంట కొట్టినా లేవలేదు.
నోటుబుక్కు అట్ట లోపలికి పాకింది జవాబు.

సాయంత్రం ఇంట్లో, దీపం దగ్గరికి లాక్కుని
సున్నాలు వేలితో తాకుతూ సరిచూశాను.
ఒకటి తక్కువ.

ఒక్క సున్నా. అంతే కదా అనిపిస్తుంది.
పదింట తొమ్మిది వంతులు.
ఎవరి చేయి జారిందో ఇక్కడ అందరికీ తెలుసు,
ఈ పిల్లది మాత్రం కాదు.

ఎర్ర సిరా పెన్ను తీశాను.
చాలాసేపు మూత తీయలేదు.