ఒంటి కాపలా

మిల్లు మూసిన ఏడాది
బకాయిల కింద నా వాటాకొచ్చింది
టైమాఫీసు కంప్యూటరు.
ఎంత తుడిచినా అద్దం మూల
గోగునార ధూళి ఉండిపోయింది.

ఇంట్లో దాంతో పని కోడలికే.
పైడిమాంబ పొదుపు సంఘం,
పన్నెండుమంది ఆడాళ్ల అప్పులూ వడ్డీలూ
రాత్రి అంట్లు తోమేక
ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కుతాది.

అందులో నలుగురు కాపలావోళ్లు.
వైరస్సుని పట్టేవాడొకడు,
తలుపు కాడ ఎవడొచ్చేడో అడిగేవాడొకడు,
దొంగచూపులోళ్లని వాసన పట్టేవాడొకడు.
చెత్త ఊడ్చే నాలుగోవాడు
ఊడ్చింది తక్కువ, డబ్బులడిగింది ఎక్కువ.
ఎవడెప్పుడు చేరేడో గుర్తులేదు.
మా మేనల్లుడొకణ్ణి పెట్టేడు.
కరెంటుబిల్లు కట్టిన పూట
ఇంకొకడు వాడంతట వాడే దూరేడు.

నలుగురికీ పడదు.
ఒకడు పట్టి కట్టేసిన దొంగని చూసి
రెండోవాడు, 'దొంగ నీ ఇంట్లో ఉన్నాడు,
నువ్వే దొంగవి' అంటాడు.
వాళ్లు కలియబడ్డ రోజున
మీట నొక్కి, టీ కాచుకు తాగి
గ్లాసు కడిగి బోర్లించినా
తెర తెల్లారదు.

ఢిల్లేసొచ్చేడు.
మూడులాంతర్ల కాడ షాపు వాడిది,
చెవి మీద స్క్రూడ్రైవరు.
"నలుగుర్నీ తీసీ తాతా.
ఒక్కటే సాలు, అన్నీ అదే సూస్తాది.
ఏడాదికోపాలి కట్టు, మరి సూడక్కర్లేదు."

ఒక్కటే సాలు.
ఈ మాట నేను ముందే విన్నాను.

మా మిల్లుకి నాలుగు గేట్లు.
బేళ్ల గేటు కాడ తవుడు,
బండి చక్రం మూలిగే తీరుని బట్టి
నారలో తడెంతో చెప్పేవాడు.
ఆడాళ్ల గేటు కాడ జమ్మమ్మ,
కడుపుతో ఉన్నదాన్ని తడమకుండా వదిలేది.
రైలుపట్టాల వేపు లచ్చుంనాయుడు,
వాడు పడుకున్నా వాడి కుక్క పడుకోదు.
ఆఫీసు గేటు నాది.
రాత్రి అరగంటకోసారి నేనొక కేకేస్తే
గేటు గేటూ అందుకుని
మిల్లంతా చుట్టి
ఆ కేక మళ్లీ నా దగ్గరికే వచ్చేది.

మేమూ కొట్టుకున్నాం, ఒప్పుకుంటాను.
బేళ్ల గేటు తప్పు రైలు గేటు మీదకి,
రైలు గేటుది నా మీదకి.
ఓ వానరాత్రి
తవుణ్ణి దొంగనుకుని నేనే బాదేను.
చలికాలమొస్తే వాడి ఎడమ మోచెయ్యి
ఇప్పటికీ లాగుతాదంట.

అప్పుడొచ్చింది ఏజెన్సీ.
నీలంచొక్కా కుర్రాడొకడు, ఒక్క గది,
ఎనిమిది గళ్ల టీవీ.
మర్నాడు పొద్దున్న చూస్తే
గోడ మీద అరలో మా కార్డుల్లేవు.

ఢిల్లేసు మౌసు కదిపేడు.
తెర మీద చిన్న పెట్టె లేచింది.
'దీన్ని నిజంగా తీసేయాలనుకుంటున్నారా?'
కింద అవును. పక్కన కాదు.

మిషనుకి అడగడం తెలుసు.

నా వేలు గాల్లోనే ఉండిపోయింది.
"నొక్కు తాతా, అవునని నొక్కు."
కోడలు గుమ్మం కాడ తడిచెయ్యి తుడుచుకుంటా
"పన్నెండుమంది డబ్బు మావా" అంది.
అంతకంటే ఏమీ అన్లేదు.

నొక్కేను.
ఒక్కొక్కడి పేరూ పైకి చదివి నొక్కేను.
నాలుగోవాడు పోతూ పోతూ
'ఎందుకు తీసేశారో చెప్పండి' అని
ఓ ఖాళీ గడి పెట్టేడు.
ఢిల్లేసు మూసీబోతే చెయ్యి పట్టుకున్నాను.
రాయమన్నాను.
"ఏటి రాయాల?"
'కొట్టుకుంటున్నారు' అని రాయించేను.

కొత్తది చేరింది. మూల పచ్చచుక్క.
టీ పొంగేలోగానే తెర తెల్లారింది.
సంఘం లెక్కలో పదకొండు రూపాయలు
ఎక్కువే తేలేయి.

మొదటి రాత్రి ఇల్లంతా వెతుకుతాది,
ఆపొద్దన్నాడు ఢిల్లేసు.
రెండింటికి మెలకువొచ్చింది.
నా రౌండు వేళ అది.
చీకట్లో పచ్చచుక్క
ఆరుతా వెలుగుతా ఉంది.
కుర్చీ లాక్కుని దాని ముందు కూర్చున్నాను.

ఒక్కడే కదా.
కేకేస్తే
అందుకునేవాడొకడుండాల.